మా ఫియట్ ఎందుకు ఆగిపోయేదంటే

2017 మే నెల. విజయవాడ నుంచి నూజివీడు వెళ్తూ, నున్న దాటి ఆగిరిపల్లి రోడ్డు మీద ఉన్నాం. మధ్యాహ్నం పన్నెండున్నర అయ్యుంటుంది. వెనక సీట్లో అమ్మ, డిక్కీలో తోటకి తీసుకెళ్తున్న పురుగుమందు డబ్బాలు. బండి వెక్కిళ్ళు పట్టినట్టు రెండుసార్లు కుదిపి ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు. బానెట్ ఎత్తితే సెగ మొహాన కొట్టింది. చుట్టూ మామిడి తోటలే, కనుచూపు మేరలో మెకానిక్ షెడ్డన్నది లేదు.

ఇసుక లారీ ఒకటి వచ్చి పక్కన ఆగింది. డ్రైవర్ దిగాడు, బానెట్ లోపలికి తొంగి కూడా చూడలేదు. "ఫియట్టేగా? ఇంజను పక్కనుండే పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి పావుగంట ఆగండి సార్, అదే పోతుంది" అన్నాడు. అమ్మ తన తువ్వాలు తడిపి ఇచ్చింది. పావుగంట తర్వాత నిజంగానే స్టార్టయింది. ఆగిరిపల్లి దాటాక మళ్ళీ ఆగింది. నూజివీడు చేరేసరికి మూడున్నర.

ఆ ఎండాకాలమంతా అదే వరస. తడిగుడ్డ వైద్యం ఫియట్ నడిపినవాళ్ళందరికీ తెలుసు, డ్రైవర్లకి తెలుసు, టీ కొట్టువాళ్ళకి కూడా తెలుసు. "ఈ బండి ఇంతేనండీ" అని అందరూ ఒకే మాట అనేవాళ్ళు. ఆ మాట తప్పని తెలుసుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

అసలు ఎందుకు కొన్నానో చెప్పాలి. నూజివీడు దగ్గర మాకు మూడెకరాల మామిడి తోట ఉంది. నాన్న పోయాక దాన్ని చూసుకునేది అమ్మే. ఆదివారం ఆదివారం విజయవాడ నుంచి తీసుకెళ్ళాలి. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, బస్సు మెట్లు ఎక్కలేదు. కొత్త కారుకి అప్పు చెయ్యడం నాకు ఇష్టం లేదు. మంచి కండిషన్‌లో ఉన్న సెకండ్ హ్యాండ్ బండి ఏది అడిగినా లక్ష పైమాటే చెప్పారు. ఈ 1983 మోడల్ ప్రీమియర్ పద్మిని 45,000కి వచ్చింది. అమ్మ సీటు మీద కూర్చుని, చేత్తో మోకాలు పట్టుకుని రెండు కాళ్ళూ నెమ్మదిగా లోపలికి తిప్పుకుంది. నొప్పి లేకుండా ఎక్కగలిగింది. నాకు అది చాలు. ఆర్సీ బుక్కులో నాకు ముందు నలుగురు యజమానులున్నారు, ఆ సంగతి అప్పుడు పట్టించుకోలేదు.

వెనక పద్మిని అని రాసి ఉన్నా మా వైపు అందరూ ఫియట్ అనే అంటారు. అనడం సబబే. ఇటలీలో ఫియట్ 1100 గా పుట్టిన బండి ఇది. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్ళు 1964 నుంచి ఫియట్ 1100 డి పేరుతో తయారు చేశారు. తర్వాత కొన్నాళ్ళు ప్రెసిడెంట్ అన్నారు, 1974 నుంచి పద్మిని. ఇటలీలో 1100 కి 1969 లోనే స్వస్తి చెప్పారు. మనవాళ్ళు ఆ తర్వాత ఇంకో మూడు దశాబ్దాలు నడిపించారు. అమ్మకి మాత్రం ఫియట్ అంటే లాల్ బహదూర్ శాస్త్రి గారి కారు. ప్రధానమంత్రిగా ఉండి 5,000 బ్యాంకు అప్పు చేసి ఆయన ఫియట్ కొన్నారు. ఆయన పోయాక ఆ అప్పు లలితా శాస్త్రి గారు తన పెన్షన్ లోంచి తీర్చారు. ఆవిడ సంగతి ఎత్తితే అమ్మ గొంతు ఇప్పటికీ మారిపోతుంది. బండి రోడ్డు మీద ఎన్నిసార్లు ఆగినా ఒక్కసారి కూడా దాన్ని తిట్టలేదు.

మొదటి ఏడాది నేను చేసిందంతా డబ్బు పొయ్యడమే. ఒక షెడ్డులో పెట్రోలు పంపు మార్చారు. ఇంకో షెడ్డులో ఇంజనుకి పెట్రోలూ గాలీ కలిపి ఇచ్చే కార్బొరేటర్ విప్పి కిట్ వేశారు, కాయిల్ మార్చారు, ప్లగ్గులు మార్చారు. వేరే బండి ఎలక్ట్రిక్ పంపు బిగిస్తానని ఒకతను అన్నాడు. ఏది మార్చినా శీతాకాలం బాగుండేది, మార్చి రాగానే మళ్ళీ మొదలు.

మెకానిక్ భాయ్ షెడ్డుకి నన్ను చేర్చింది పెట్రోలు పంపు కాదు, బ్రేకులు. 2018 జనవరి, సంక్రాంతికి ముందు వారం. అప్పటికి కొన్ని రోజులుగా బండి బరువుగా లాగుతోంది. దిగి చూస్తే కుడి వెనక చక్రం బ్రేకు డ్రమ్ము కాలిపోతోంది. రేపు చూపిద్దాంలే అనుకున్నాను. మర్నాడు పొద్దున రామవరప్పాడు రింగు దగ్గర ముందు ఆటో ఆగింది, నేను బ్రేకు తొక్కాను, పెడల్ నేల దాకా దిగిపోయింది. హ్యాండ్ బ్రేకు లాగి, గేరు దించి, ఆటోకి జానెడు దూరంలో ఆపాను. అదృష్టం కొద్దీ ఆ రోజు అమ్మ బండిలో లేదు. మా బండిలో నాలుగు చక్రాలకీ కలిపి ఒకటే బ్రేకాయిల్ లైను. ఒక చోట కారిందంటే నాలుగు చక్రాలకీ బ్రేకు పోయినట్టే.

తాడు కట్టి ఆటోనగర్‌కి లాక్కెళ్ళాం. విజయవాడ ఆటోనగర్ తెలియనివాళ్ళకి చెప్పాలి: లారీ చాసిస్ మొదలుకొని చిన్న వాషర్ దాకా చేసేవాళ్ళు, విప్పేవాళ్ళు, అమ్మేవాళ్ళు వీధులకి వీధులే ఉంటారక్కడ. కానీ ఫియట్ చూసేవాళ్ళు వేళ్ళ మీద లెక్క. భాయ్‌కి అప్పటికే అరవై దాటాయి. చిన్నప్పటి నుంచి టాక్సీ ఫియట్ల మీద పని నేర్చుకున్న మనిషి. నేను కంగారుగా చెప్పిందంతా విని, చక్రం ఊడదీసి, డ్రమ్ము లాగి, చక్రంలో బ్రేకుని నెట్టే వీల్ సిలిండర్ లోంచి చిన్న రబ్బరు ముక్క బయటికి తీశాడు. బకెట్ వాషర్ అంటారు దాన్ని. కొత్తది ఒకటి తెచ్చి నా అరచేతిలో పక్కపక్కన పెట్టాడు. కొత్తది చుట్టూ పదునైన అంచుతో గట్టిగా ఉంది. పాతది రాత్రంతా నానేసిన శనగగింజలా ఉబ్బి మెత్తగా ఉంది. గోరు నొక్కితే దిగుతోంది.

"వాసన చూడు బాబూ."

ఇంజనాయిల్ వాసన.

"బ్రేకాయిల్ తగ్గితే ఎవడో చేతికి అందిన ఆయిల్ పోశాడు. డబ్బా మీద రెండిటికీ ఆయిల్ అనే ఉంటుంది. తేడా రబ్బరుకే తెలుస్తుంది" అన్నాడు.

బ్రేకు రబ్బర్లు బ్రేకాయిల్ కోసం చేసినవి. ఇంజనాయిల్ తగిలితే అవి దాన్ని పీల్చుకుని ఉబ్బిపోతాయి. మొదట సిలిండర్ లో ఇరుక్కుని బ్రేకు వదలదు, చక్రం వేడెక్కుతుంది. తర్వాత అంచులు చిరిగి కారిపోతాయి. నా బండి వారం రోజులుగా చెబుతున్నది అదే. నాలుగు చక్రాల్లో వాషర్లు, పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండర్ కిట్, రబ్బరు గొట్టాలు అన్నీ మార్చి, ఇనుప పైపుల్ని స్పిరిట్‌తో కడిగి, కొత్త ఆయిల్ పోసి గాలి తీశాం. నేను లోపల కూర్చుని పెడల్ తొక్కాలి, భాయ్ చక్రం దగ్గర పడుకుని గాలి వదిలే నిప్పిల్ వదులు చెయ్యాలి. "కొట్టు, కొట్టు, కొట్టు... పట్టు!" అని ఆయన అరుపు, పట్టి ఉంచితే కాలి కింద పెడల్ మెల్లగా దిగడం, గొట్టంలో బుడగలు. దూరపు చక్రంతో మొదలుపెట్టి దగ్గరి చక్రంతో ముగించాం. చివరికి పెడల్ సగంలోనే రాయిలా ఆగింది. అలాంటి పెడల్ ఆ బండిలో నేనెప్పుడూ తొక్కలేదు.

చేతులు కడుక్కుంటూ భాయ్ అన్న మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది: "ఈ బండికి జబ్బేం లేదు బాబూ. వైద్యాలే ఎక్కువయ్యాయి."

అక్కడి నుంచి నేను బండిని చూసే తీరు మారింది. ఏ భాగం పాడైందా అని వెతకడం మానేశాను. ఎవరు ఏం తీసేశారు, దాని బదులు ఏం పెట్టారు అని వెతకడం మొదలుపెట్టాను. పానాలు కొనుక్కున్నాను. ఇటలీ బండి కాబట్టి నట్లన్నీ మిల్లీమీటర్లే. 8, 10, 13, 17 నంబరు పానాలు చేతిలో ఉంటే చాలావరకు పని జరిగిపోతుంది. అంబాసిడర్ అయితే ఇంగ్లిష్ సంతానం కాబట్టి అంగుళాల పానాలు కావాలి. పాత పార్టుల బుక్కు ఒకటి భాయ్ దగ్గరుంటే జిరాక్స్ తీయించుకున్నాను. అందులో ప్రతి భాగాన్నీ విడదీసి, ఏది దేని మీద కూర్చుంటుందో బొమ్మ గీసి ఉంటుంది. ఆదివారం సాయంత్రాలు బండి పక్కన ఆ బొమ్మలు పెట్టుకుని ఒక్కో చోటా పోల్చుకుంటూ వెళ్ళాను.

దొరికినవన్నీ రాస్తే పెద్ద పట్టీ అవుతుంది. ఇంజను తగినంత వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్‌కి వదలని థర్మోస్టాట్ వాల్వు లేదు. మన ఎండలకి అదెందుకని తీసి పారేశారు. బండి హీటెక్కడానికి అసలు కారణం దశాబ్దాలుగా పోసిన బోరు నీళ్ళ ఉప్పు రేడియేటర్ గొట్టాల్లో సున్నంలా పేరుకుపోవడం. రేడియేటర్ శుభ్రం చేయించి, వాల్వు తిరిగి పెట్టి, కూలెంట్ పోశాక హీటు మీటరు ముల్లు మధ్యలోనే నిలబడింది. ప్లగ్గులకి కరెంటు పంచే డెల్కోలో కండెన్సర్ వేరే బండిది. అందులో కరెంటుని కలిపి విడదీసే పాయింట్లు ఊరికే నల్లబడి కాలిపోతుంటే నెలనెలా ఉప్పుకాగితంతో రుద్దేవాణ్ణి. సరైన కండెన్సర్ వేసి, ఫీలర్ గేజితో అర మిల్లీమీటరు లోపు గ్యాపు పెట్టాక ఆరు నెలలు మూత తియ్యలేదు.

గేరు సంగతి కొంచెం చెప్పాలి. ఫియట్ గేరు రాడ్డు స్టీరింగ్ పక్కన ఉంటుంది. అక్కడి నుంచి బానెట్ కింద రాడ్లూ లింకులూ తిరిగి గేర్ బాక్సుకి చేరతాయి. ఆ కీళ్ళని వదులు కాకుండా పట్టి ఉంచే బుష్షులు అరిగితే రెండు గేర్ల మధ్య ఇరుక్కుపోతుంది. బెంజ్ సర్కిల్లో ఒకసారి నా వెనక బస్సు హారన్ మోగిస్తుంటే దిగి, బానెట్ ఎత్తి, చేత్తో లింకు లాగి న్యూట్రల్ చేసుకున్నాను. విప్పి చూస్తే బుష్షు ఉండాల్సిన చోట సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉంది. చుట్టినవాణ్ణి నేను తప్పు పట్టను. ఆ రోజు అతనికి ఇల్లు చేరడం ముఖ్యం. ఆ తర్వాత ఎవరూ సరైన బుష్షు వెయ్యకపోవడమే తప్పు.

ఇక పెట్రోలు పంపు. 2019 ఏప్రిల్లో భాయ్, నేను కలిసి కూర్చున్నాం. ముందు జబ్బేమిటో చెప్తాను. ఈ పంపు ఇంజను బ్లాకుకి ఆనుకుని ఉంటుంది. వెనక ఉన్న ట్యాంకు నుంచి పెట్రోలు పీల్చి కార్బొరేటర్‌కి పంపాలి. పీల్చేటప్పుడు పైపులో ఒత్తిడి తగ్గుతుంది, ఒత్తిడి తగ్గితే పెట్రోలు తక్కువ వేడికే మరిగి ఆవిరవుతుంది. పంపు కొట్టినప్పుడు ఆ ఆవిరి నలుగుతుందే గానీ ముందుకి కదలదు. కార్బొరేటర్ ఎండిపోతుంది, బండి ఆగుతుంది. తడిగుడ్డ పంపుని చల్లబరిస్తే ఆవిరి మళ్ళీ పెట్రోలవుతుంది. బండి నడుస్తున్నంతసేపూ గాలీ, చల్లటి పెట్రోలూ కాస్త కాపాడతాయి. నెమ్మదిగా వెళ్ళినా, ఆపినా ఇంజను వేడంతా పంపులోకి ఎక్కుతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే ఇథనాల్ కలిసిన పెట్రోలుతో పాత రబ్బరు గొట్టాలు, పంపులో కదిలే డయాఫ్రమ్ పొర ఇంకా త్వరగా చెడతాయి. అందుకని గొట్టాలు కూడా ఇథనాల్‌కి తట్టుకునే రకం వేశాం.

కానీ మరీ ఇంతగా ఎందుకు ఆగుతుంది? ఈ బండ్లు ఇదే ఎండల్లో టాక్సీలుగా ఊళ్ళకి ఊళ్ళు తిరిగాయి కదా. భాయ్ రెండు నట్లు విప్పి పంపు చేతిలోకి తీశాడు. పంపుకీ బ్లాకుకీ మధ్య వేలు మందాన ఒక దిమ్మ ఉంది. తళతళా మెరుస్తోంది. లేత్ మీద చక్కగా చెక్కిన అల్యూమినియం ముక్క. చెక్కినవాడి పనితనానికి వంక పెట్టలేం, రంధ్రాలు వెంట్రుకవాసి తేడా లేకుండా కుదిరాయి. భాయ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పార్టుల బుక్కులో బొమ్మ మీద వేలు పెట్టాడు. అక్కడుండాల్సింది బేకలైట్ ముక్క.

"మీ ఇంట్లో కుక్కర్ పిడి దేంతో చేస్తారు బాబూ?"

"బేకలైటే."

"అల్యూమినియంతో చేస్తే?"

నేనేం మాట్లాడలేకపోయాను. పంపుకి ఇంజను వేడి తగలకుండా అడ్డు పెట్టిన ముక్క పగిలిపోతే, ఎవరో పంపులోకి వేడిని దగ్గరుండి మోసుకొచ్చే లోహాన్ని పెట్టారు. మందం సరిపోయింది కాబట్టి పంపు పనిచేసింది. చలికాలం ఎవరికీ తెలియలేదు. ఎండాకాలం అందరూ బండిని అన్నారు. మూడు షెడ్లలో పంపు విప్పారు, ముగ్గురూ ఆ ముక్కని శుభ్రంగా తుడిచి మళ్ళీ అక్కడే పెట్టారు.

బేకలైట్ ముక్క విజయవాడలో దొరకలేదు. రెండు వారాలు ఆటోనగర్ అంతా తిరిగాను. "కుర్లా వెళ్ళు" అన్నాడు భాయ్. విశాఖ నుంచి విజయవాడ మీదుగా వెళ్ళే లోకమాన్య తిలక్ టెర్మినస్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే దిగేదే కుర్లాలో. ఒక జిరాక్స్ కాగితం, పగిలిన గేరు లింకు ఒకటి సంచిలో వేసుకుని వెళ్ళాను. స్టేషన్ బయటికి రాగానే నలుపూ పసుపూ టాక్సీలు, అందులో ఇంకా కొన్ని పద్మినులు. ఒకటి ఎక్కాను. వానలూ ఎండలూ తిన్న బండి. డ్రైవర్ గేరు వేస్తుంటే కత్తి ఒరలోకి దిగినట్టు పడుతోంది. కొత్త బుష్షులు వేస్తే నా బండీ ఇలాగే ఉంటుందన్నమాట అనుకున్నాను.

సి.ఎస్.టి. రోడ్డులో పాత కార్ల సామాన్ల కొట్లు బారులు తీరి ఉంటాయి. నాలుగో కొట్లో పెద్దాయన నా కాగితం చూసి, స్టూలెక్కి, ఒక బిస్కెట్ డబ్బా దించాడు. నల్లటి ముక్కలు అడుగున పది పన్నెండు ఉన్నాయి. 80 రూపాయలు. రెండు తీసుకున్నాను. పంపులకి, కార్బొరేటర్‌కి, కాయిల్‌కి నేను అప్పటిదాకా పోసింది 11,000 పైన. ఆ ముక్క అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియలేదు. తిరుగు రైల్లో చొక్కా జేబులో పెట్టుకుని, ఉందో లేదో అని గుల్బర్గా దాకా తడుముకుంటూనే ఉన్నాను.

తర్వాతి సంగతులు క్లుప్తంగా చెప్తాను. 2018 లో ఒకసారి, 2023 లో ఒకసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాను. పదిహేనేళ్ళు దాటిన బండికి ఐదేళ్ళకోసారి తప్పదు. 2022 ఏప్రిల్ నుంచి కారుకి రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000 అయింది, నాకు భారంగానే అనిపించింది. ఫిట్‌నెస్ పరీక్షలో ఇన్‌స్పెక్టర్ గారు బ్రేకు తొక్కి చూసి, ఇంకోసారి తొక్కి, "ఎక్కడ చేయించారు?" అని అడిగారు. భాయ్‌కి ఆ సాయంత్రమే వెళ్ళి చెప్పాను. 2023 అక్టోబర్ 29తో ముంబైలో ఆఖరి పద్మిని టాక్సీకి గడువు తీరింది. ఆ వార్త చదివి నాకు దిగులేసింది. రోజూ రోడ్డు మీద తిరిగే టాక్సీలుంటేనే కొట్లో సామాను నిలవ ఉంటుంది. అవి పోతే బిస్కెట్ డబ్బాలు ఎన్నాళ్ళు నిండుగా ఉంటాయి? ముందు చక్రాలు తిరిగే కింగ్ పిన్ సెట్టు, పంపు డయాఫ్రమ్‌లు నాలుగు, బుష్షులు, ఇంకో బేకలైట్ ముక్క అప్పుడే తెప్పించి బీరువాలో పెట్టాను. మా ఆవిడ చీరల అరలో కింది భాగం వాటికి ఖాళీ చేసిచ్చింది.

నేను పూర్తిగా గెలవని పని ఒకటుంది. కింది రేకు. తలుపుల కింద గుమ్మం లోపల తుప్పు నిశ్శబ్దంగా తింటూనే ఉంటుంది. టింకరింగ్ వాళ్ళు పుట్టీ పెట్టి రంగు వేస్తామంటారు, అది నేను ఒప్పుకోను. కుళ్ళిన రేకు కోసి కొత్త రేకు అతికించాల్సిందే. ఎడమ వైపు అయింది, కుడి వైపు ఈ వర్షాకాలం లోపు చెయ్యాలి.

బేకలైట్ పెట్టిన రోజు గురించి చెప్పలేదు కదూ. 2019 మే రెండో ఆదివారం. పొద్దున బిగించి పదకొండున్నరకి బయల్దేరాం. అప్పటికి అమ్మకి అలవాటైపోయింది: బండి ఎక్కే ముందు తువ్వాలు తడిపి కవర్లో పెట్టుకోవడం, నీళ్ళ క్యాను కాళ్ళ దగ్గర పెట్టుకోవడం. నున్న దాటాం. మొదటిసారి ఆగిన చోటు వచ్చింది, బండి వెళ్తూనే ఉంది. ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. కానీ నడుస్తూ ఆగకపోవడం ఒక్కటే సరిపోదు, వేడి మీద ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే గానీ పంపు సంగతి తేలదు. ఆగిరిపల్లి ముందు వేపచెట్టు కింద టీ కొట్టు దగ్గర కావాలనే ఆపాను. ఇంజను కట్టేశాను. ఎన్నోసార్లు మమ్మల్ని చూసిన కొట్టతను మామూలుగా బకెట్‌తో నీళ్ళు పట్టుకొచ్చాడు. పది నిమిషాలు ఆగాను. బానెట్ మీద చెయ్యి పెడితే చురుక్కుమంది.

తాళం తిప్పి సెల్ఫ్ కొట్టాను. మొదటి తిప్పుకే అందుకుంది.

అమ్మ కవర్లోంచి తడి తువ్వాలు తీసి మొహం తుడుచుకుని, "పద నాన్నా, కాయ కోసేవాళ్ళు ఎదురు చూస్తుంటారు" అంది.